చేరానని ఫోన్ వచ్చేదాకా

చీపురు చప్పుడు వింటే నేను నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో కాసేపు తేలదు. ఈ ఉదయం సర్జాపుర రోడ్డులోని మా ఫ్లాటులో పనమ్మాయి చీపురు అందుకోగానే, కిటికీ ఎండలో దుమ్ము ఏ తొందరా లేనట్టు తేలింది. నా భార్య హైదరాబాదు విమానానికని అప్పుడే దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకు బయలుదేరింది. "ఇప్పుడొద్దమ్మా" అన్నాను. చదువుకున్నవాణ్ణి, మూఢనమ్మకాలు లేవు. చీపురును మాత్రం బీరువా వెనక దాచాను.

ఇది నాగరాజన్న అంటించిన జబ్బు. తొంభైల చివర్లో మేమొక వఠారంలో ఉండేవాళ్ళం, ఒకే వాకిలి చుట్టూ వరసగా ఇళ్ళు. ఎదురింట్లో రత్నమ్మత్త, ముళబాగిలు వైపు మనిషి. భర్త పోయాక పూలు కట్టి ఒక్క కొడుకును పెంచింది, ఆ కొడుకే నాగరాజన్న, వెళ్ళి సైన్యంలో చేరాడు. ఊరెళ్ళినవాళ్ళ వెనకే ఇల్లు ఊడవకూడదని అందరూ ఒక పూట ఆగుతారు. అన్న వెళ్ళేది కాశ్మీరుకు. అత్త రోజుల తరబడి ఆగేది. ఫోనుండేది మా ఇంట్లో, కాలేజీ ఎగ్గొట్టి దాని పక్కన పడి ఉండేది నేను.

"చేరినా. ఊడ్చుకోమను," అని అన్న ఫోన్ పెట్టేసేవాడు.

నేను వెళ్ళి చెబితే అత్త అడిగేది: "దావలో తిన్నాడంటనా?"

అతను ఆ మాటే ఎత్తేవాడు కాదు. "తిన్నాడంటత్తా. పెరుగన్నం సగం పక్క సీటాయన లాక్కున్నాడంట," అని నేనే కల్పించేవాణ్ణి. అప్పుడు అత్త నవ్వుతూ చీపురు తీసేది.

సెలవులో వచ్చినప్పుడు యుద్ధం కథలు చెప్పమని అతన్ని వేధించేవాణ్ణి. గడప మీద కూర్చుని, పూలబుట్టలో చేతులు పెట్టి తల్లికి మల్లెమొగ్గలు ఏరిస్తూ, ఎక్కడో మంచులోకి చూస్తున్నట్టు చూసేవాడు.

"యుద్ధమేందిరా? ఎర్రగడ్డలు తరిగే డ్యూటీ అడిగి వేయించుకున్నా."

"ఉల్లిపాయలా? అదెందుకన్నా?"

"ఏడ్చినా ఎవురూ ఏమని అడగరప్పా."

అంతే, మళ్ళీ మొగ్గలు. నా వెటకారమంతా ఆ గడప దగ్గర నేర్చుకున్నదే.

నిజంగా యుద్ధం వచ్చిన ఏడు సెలవు మధ్యలోనే పిలుపు వచ్చింది. వెళ్ళాడు. ఈసారి ఫోన్ రాలేదు. రైలు దిగీ దిగగానే కొండల మీదికి పంపేశారని తర్వాత తెలిసింది. అత్త ఊడవలేదు. వాడిన మల్లెరేకులు, దుమ్ము, అందులో తన అడుగులు తానే తొక్కుకుంటూ వంట చేసుకునేది. ఆ ఇల్లు కలలో చూసిన ఇల్లులా మసకబారింది. చివరికి ఫోనుకు బదులు యూనిఫారంలో మనుషులు వచ్చారు.

జెండా కప్పిన పెట్టె వచ్చింది. వేదికెక్కిన పెద్దమనిషి నాగరాజన్నను సింహమన్నాడు, పేరు మాత్రం నాగేంద్ర అన్నాడు. అన్న ఉంటే ఎంత నవ్వేవాడో. దహనం అయ్యాక ఇల్లు కడగడానికి ఆడవాళ్ళు బకెట్లతో వస్తే, అత్త గడపకు అడ్డంగా నిలబడింది.

"చేరినానని ఫోన్ రాలేదు. ఎవురూ చీపురు ముట్టొద్దండి."

ఆమెకు మతి పోయిందని అందరూ ఏడ్చారు. నేను ఇంటికి వెళ్ళి ఫోను ముందు నిలబడ్డాను. మోగలేదు. ఫోన్లకు అంత బుద్ధి ఉండదు. తిరిగి వెళ్ళి, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను.

"అత్తా, నాగన్న చేరినాడంట. ఊడ్చుకోమన్నాడు."

"దావలో తిన్నాడంటనా?"

"తిన్నాడంటత్తా." పక్క సీటాయన కథ మాత్రం నా నోటికి రాలేదు.

అత్త చీపురు తీసింది.

మధ్యాహ్నం నా భార్య ఫోన్ చేసి, చేరానంది.

"దారిలో తిన్నావా?"

"గంట ప్రయాణానికి తినడమేంటి? ఏంటి, గొంతు అలా ఉంది?"

"ఏం లేదు. ఎర్రగడ్డలు తరుగుతున్నా," అన్నాను, బీరువా వెనక నుంచి చీపురు తీస్తూ.