పల్లీ లేని పొట్లం కోసం దిల్‌సుఖ్‌నగర్ దాకా

ఆదివారం ఉదయం పది దాటాక ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడ్డాం. నేను, మా అత్తయ్య, ఎనిమిదేళ్ల మా అమ్మాయి ఇందు. మా ఆయన బట్టల షాపులో పనిచేస్తారు, ఆదివారమే ఆయనకు ఊపిరాడని రోజు. అందుకని ముగ్గురం ఆడవాళ్లమే బయలుదేరాం. వెళ్లాల్సింది దిల్‌సుఖ్‌నగర్. నాలుగు స్టాపుల దూరానికి ఇంత కథెందుకని మీకు అనిపించవచ్చు. ఇందు లాంటి పిల్లలున్న ఇళ్లలో మాత్రం అలా అనిపించదు.

ఇందుకు పల్లీలు, జీడిపప్పు పడవు. చాలామందికి వంకాయ పడకపోవడం లాంటిది కాదిది. నాలుగేళ్లప్పుడు ఎవరో ప్రేమగా పెట్టిన చిక్కీ ముక్క నోట్లో వేసుకుంది. చూస్తుండగానే పెదాలు వాచిపోయాయి, గొంతు మూసుకుపోయి ఊపిరి కోసం గిలగిల్లాడింది. సమయానికి ఆసుపత్రికి చేరాం కాబట్టి పిల్ల దక్కింది. అప్పటినుంచి తను ఎక్కడికి వెళ్లినా నేను వండిన తిండితో స్టీలు డబ్బా ఒకటి, డాక్టరు రాసిన మందుల సంచి ఒకటి వెంట వెళ్లాల్సిందే.

ఈ ప్రయాణానికి కారణం ఒక ఫోను. ఇందు క్లాసులో స్నేహితురాలి పుట్టినరోజుకు వాళ్లమ్మ పిల్లలందరినీ సినిమాకు తీసుకువెళ్తూ నాకు ఫోను చేసింది. "ఏమనుకోకండి, హాల్లో పిల్లలు ఏవేవో తింటారు. రిస్కెందుకు? ఇందుకు రిటర్న్ గిఫ్టు ఇంటికి పంపిస్తాను" అంది. వెంటనే పెట్టేసింది. పక్కనే హోంవర్కు చేసుకుంటున్న ఇందు అంతా విన్నది. ఏడవలేదు. గిఫ్టు వచ్చిన రోజు దాన్ని విప్పకుండా బల్ల కింద పడేసి నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నేను హాల్లో సినిమా చూడాలి. ఇంటర్వెల్లో తినాలి."

"చేసిస్తాను, తీసుకెళ్దాం."

"డబ్బాలోది వద్దు. కొన్నది కావాలి. అందరిలాగా ప్యాకెట్ చింపుకుని తినాలి."

అత్తయ్య అందుకుంది. "కొనిద్దాం తియ్యి బిడ్డా. ఎవడొద్దంటడో నేను చూస్త." అత్తయ్య పోచంపల్లి మనిషి. మగ్గాల చప్పుడులో పెరిగింది కాబట్టి గొంతు సహజంగానే పెద్దది. నాది తెనాలి. ఇన్నేళ్లయినా నా మాటలో ‘అండీ’ వినబడితే నవ్వుతుంది.

హయత్‌నగర్ వైపునుంచి వచ్చిన బస్సు నిండుగా ఉంది. ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు తీసుకున్నాం. ఒకావిడ జరిగి ఇందుకు కాస్త చోటిచ్చింది. ఆమె ఒడిలో ఉడకబెట్టిన పల్లీల పొట్లం ఉంది. రెండు వొలిచి ఇందు చేతి దగ్గర పెట్టబోయింది.

"వద్దండీ, తనకు పడవు" అన్నాను.

"ఉడకబెట్టినయే గదమ్మా, ఏం గాదు. ఒక్కటి తింటే ఏమైతది? గిట్ల భయపెడితెనే పిల్లలు నాజూకైతరు."

ఇందు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఆమె ముఖంలోకి చూసింది. "ఒక్కటి తింటే నన్ను దవాఖానకు తీస్కపోవాలె ఆంటీ. మీరొస్తరా?"

ఆవిడ పొట్లం మడిచి సంచిలో వేసుకుంది. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వు దాచుకుంది. నేను మాత్రం తడిరుమాలుతో ఇందు సీటు కమ్మీ తుడిచాను. పల్లీ వాసనకు ఏమీ కాదని, పొట్టు గానీ పలుకు గానీ నోటికి చేరితేనే ప్రమాదమని డాక్టరు చెప్పారు. అందుకే నా కళ్లు ఎప్పుడూ ఎదుటివాళ్ల చేతుల మీదే ఉంటాయి.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేసరికి ఎండ ముదిరింది. మ్యాట్నీకి ఇంకా చాలా సమయం ఉంది. ముందు రోడ్డు మీదున్న పెద్ద మిఠాయి దుకాణంలోకి వెళ్లాం. ఈ దారిలో మీరెవరైనా వస్తే ఒక మాట గుర్తుపెట్టుకోండి. ‘నట్స్ ఉన్నాయా’ అని అడగకండి. నేను అడిగాను. కౌంటర్లో అబ్బాయి "అస్సలు లేవు మేడం" అన్నాడు.

"పల్లీలు?"

"పల్లీలుంటయ్. నట్సంటే కాజు, బాదం గదా."

బూందీ లడ్డూ చూపించి దీంట్లో పల్లీలు లేవు కదా అన్నాను. లేవన్నాడు. లడ్డూ నెత్తిన జీడిపప్పు పలుకు మెరుస్తోంది. అదేమిటని అడిగితే, "గా పలుకా? తీసేసి ఇస్తా" అని వేళ్లతో గిల్లి పక్కన పడేసి, అదే లడ్డూ ఇందు ముందుకు చాచాడు.

అత్తయ్యకు కోపమొచ్చింది. "ఏరి పారేస్తే పోతదా? గదేమన్న బియ్యంల రాయా? నీ చేతికంటింది గాదూ?"

"అంత పరేషానుంటే ఇంట్లనే చేసుకోవాలె పెద్దమ్మా. బయటెందుకొచ్చిండ్రు?"

"ఎందుకొచ్చినమా? రోడ్డు నీదా? మేమొస్తం, అడుగుతం. నీకు తెల్వకపోతే తెల్వదని చెప్పు."

ఆ మాట అక్కడున్న నలుగురికీ వినపడింది. ఇందు నానమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. సిగ్గుపడిందేమో అనుకున్నాను. మెట్లు దిగాక నానమ్మ వైపు తలెత్తి "ఇంకో షాపుకు పోదాం పా" అంది. అంతే.

సందులో ఉన్న బేకరీ వాసన దూరంనుంచే పిలుస్తోంది. గల్లా దగ్గర కూర్చున్న యజమాని నేను చెప్పిందంతా విన్నాడు. బిస్కెట్ల అర వైపు ఒకసారి చూసి తల అడ్డంగా ఊపాడు.

"మా దగ్గర అన్నీ ఒకే ట్రేల కాలుస్తం మేడం. కాజూ బిస్కెట్ తీసినంక ఉస్మానియా పెడతం. మీ పాపకు నేనేం అమ్మను. కోపం చేసుకోవద్దు."

కోపమెందుకు? అతనికి దండం పెట్టాలనిపించింది. లేదనడం తెలిసిన దుకాణం మాకు చాలా అరుదు. ఇందు మాత్రం అద్దానికి ముక్కు ఆనించి క్రీమ్ బన్నుల్ని చూస్తూ నిలబడింది. ఆ అద్దం మీద తన ఊపిరి మచ్చ చూసినప్పుడు, ఆ రోజంతా మూటగట్టుకున్న నా ధైర్యం కాస్త సడలింది. ఇంటికి వెళ్లి మురుకులు చేస్తానని చెప్పబోయాను. నా ముఖం చూసి తనే ముందుగా "డబ్బా వద్దు" అంది.

మెట్రో స్టేషన్ కింద నీడలో కాసేపు కూర్చుని, తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాం. తర్వాత ఒక సూపర్ మార్కెట్‌లోకి దూరాం. లోపల చల్లగా ఉంది. ఇక్కడ అడగాల్సిన పనిలేదు, చదవాల్సిన పని ఉంటుంది. ఆ చీమల తలకాయలంత అక్షరాలు నాకు కనబడవు. ఇందు చదువుతుంది, నేను ఫోను టార్చి పడతాను. తియ్యటి బిస్కెట్లలో జీడిపప్పు ఉండవచ్చని రాసి ఉంది. చిప్సు వేరుశనగ నూనెలో వేయించినవి. చాక్లెట్ల అరనంతా దాటేశాం. మరో ప్యాకెట్ మీద అలెర్జీ సంగతే రాయలేదు. రాయకపోతే లేనట్టు కాదు, దాన్నీ వెనక్కి పెట్టించాను.

ఒక ముసలాయన బండి తోసుకుంటూ వచ్చి మమ్మల్ని వింతగా చూశాడు. "పరీక్షకు చదువుతున్నవా పాపా?"

"అవును తాతా" అంది ఇందు తలెత్తకుండా.

కింది అరలో ఎర్రటి ప్యాకెట్లు దొరికాయి. మొక్కజొన్న రింగులు. ఆ కంపెనీ ఉప్పు రింగులు ఇందు ఇంట్లో తింటుంది. వాటిని మొదటిసారి కొనే ముందు వాళ్లకు ఫోను చేసి, ఆ ఫ్యాక్టరీలోకి పల్లీ గానీ జీడిపప్పు గానీ రావని రెండుసార్లు చెప్పించుకున్నాను. ఇవి అదే ఫ్యాక్టరీవి, టమాటా రుచివి. ఇందు ప్రతి అక్షరం చదివింది. పాలు ఉన్నాయని ఉంది. ఇంకేమీ లేదు. తర్వాత నేను చదివాను. తర్వాత ఇంగ్లీషు రాని అత్తయ్య కూడా ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి, "మంచిగనే ఉన్నది" అని తీర్పు చెప్పింది. బిల్లు కౌంటర్లో ఇందు తనే డబ్బులిచ్చింది.

సినిమా హాలు మాల్ పై అంతస్తులో ఉంది. ద్వారం దగ్గర సంచులు వెతికే అమ్మాయి మందులు చూసి పక్కన పెట్టింది. ఎర్ర ప్యాకెట్ పైకి తీసింది.

"బయటి ఫుడ్ అలౌ లేదు మేడం. ఇక్కడ పెట్టి పోండి."

ఇందు ప్యాకెట్ లాక్కుని గుండెలకు హత్తుకుంది. "ఇది నాది. నేను కొన్నది."

నేను అలెర్జీ సంగతి చెప్పాను. ఆ అమ్మాయి పాపం తన మాటే మళ్లీ చెప్పింది. వెనక వరుస పెరిగింది. "జల్ది కానియ్యుండ్రి, సినిమా షురూ అయితది" అని ఎవరో అరిచారు. మేనేజరు వచ్చాడు. మర్యాదస్థుడు, మా తెనాలి వైపు మాట.

"మా పాలసీ అండి. లోపల అన్నీ దొరుకుతాయి, పాపకు పాప్‌కార్న్ ఇప్పించండి."

"ఇప్పిస్తానండీ. అది ఏ నూనెలో వేయిస్తారో చెప్పండి."

ఆయనకు తెలియదు. కౌంటర్‌కు కేకేశాడు, అక్కడా ఎవరికీ తెలియదు. "ఏముంటుందండీ, మామూలు నూనే" అన్నాడు.

"మామూలుదంటే పల్లీ నూనె కూడా మామూలుదే. మీకు తెలియని దాన్ని నా కూతురి నోట్లో ఎలా పెట్టమంటారు?"

ఈలోపు అత్తయ్య చీర కొంగు నడుముకు చుట్టి ద్వారం పక్కనే నేల మీద కూర్చుంది. "నేనీడనే కూసుంట సారూ. టికెట్ కొన్న. నా మనవరాలు లోపలికి పోతెనే లేస్త. గీ పొల్ల ఇంటర్వెల్ల తినాలని పొద్దటిసంది తిరుగుతున్నం."

వరుసలో నవ్వులు మొదలయ్యాయి. నవ్వనివ్వండి అనుకున్నాను. ఏళ్ల తరబడి పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, బడిలో క్షమాపణ అడుగుతున్నట్టు చిన్నగా మాట్లాడి అలసిపోయాను. నా గొంతు పెరగడం నాకే వినబడింది. "పాప్‌కార్న్‌లో వేసేవన్నీ తెప్పించండి. మీరే చదవండి. పల్లీ లేదని మీరు చెబితే ఈ ప్యాకెట్ ఇక్కడే వదిలేస్తాను."

మేనేజరు పట్టుదలకు పోయి తెప్పించాడు. పాప్‌కార్న్ మీద చల్లే మసాలా సంచి వచ్చింది. కళ్లజోడు పైకెత్తి చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. ఆ సంచిని చేతిలో అటూ ఇటూ తిప్పి, "వేరుశనగ ఉండవచ్చని ఉందండి" అన్నాడు నెమ్మదిగా. నిజంగానే ఆయనకది అప్పుడే తెలిసింది.

"తీసుకెళ్లండమ్మా. పాప ఒక్కదానికే" అని అత్తయ్య వైపు చెయ్యి చాచాడు, "లేవండి పెద్దమ్మగారూ."

"నేనే లేస్త తియ్యి" అని అత్తయ్య లేచింది.

ఇంటర్వెల్ దీపాలు వెలిగాయి. ఇందు ప్యాకెట్ చింపడానికి పళ్లు పెట్టబోయి ఆగింది. మా వెనక వరుసలో టపటపమని చప్పుడు. తిరిగి చూస్తే ఒకాయన జేబులోంచి వేయించిన పల్లీలు తీసి గుల్ల వొలుస్తున్నాడు. బయటి తిండి తేకూడదన్న హాల్లో! పొట్టు ఇందు సీటు వీపు మీదికి రాలుతోంది. నేను చటుక్కున తనను లేపి ఆ పొట్టు దులిపాను.

"అటు చివరికి మారుదాం పద."

"నేనెందుకు మారాలి?" అంది ఇందు. వెనక్కి తిరిగి నిలబడింది. "అంకుల్, నాకు పల్లీలు పడవు. పొట్టు తగిలినా కష్టం. మీరు బయట తినండి."

ఆయన నవ్వాడు. "నువ్వు తినకు బిడ్డా. నేను గదా తింటున్న."

"నేను రింగులు తినాలి. మీరు పల్లీలు తింటుంటే తినలేను."

ఆ పిల్ల కూర్చోలేదు. అత్తయ్య నోరు తెరవబోతే నేను ఆమె మోచెయ్యి నొక్కాను. ఆయన చుట్టూ చూశాడు, ఒళ్లోని గుల్లలు చూసుకున్నాడు. ఏదో గొణిగి, అన్నీ రుమాల్లో మూటకట్టుకుని లేచి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ "కడుక్కున్న బిడ్డా, సూడు" అని రెండు అరచేతులూ చూపించాడు.

అప్పుడు ఇందు ప్యాకెట్ చింపింది. ఒక్కో రింగు వేలికి తొడుక్కుని, తెర మీద ప్రకటనలు చూస్తూ తిన్నది. చుట్టూ ఉన్న పిల్లల్లో తను ఎవరో వెతికి పట్టుకోలేనంత మామూలుగా తిన్నది. నేను సినిమా రెండో సగం ఏమీ చూడలేదు. తన పెదాలు, మెడ, ఊపిరి చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు.

తిరుగు ప్రయాణం మెట్రోలో. సాయంత్రం రద్దీ, అయినా అత్తయ్యకు, ఇందుకు సీట్లు దొరికాయి. ఈ రైల్లో ఎవరూ ఏమీ తినకూడదు. నగరం మొత్తంలో నేను ఎదుటివాళ్ల చేతులు చూడకుండా నిలబడేది ఇక్కడే. చైతన్యపురి దాటుతుండగా ఇందు సంచిలోంచి సగం మిగిలిన ఎర్ర ప్యాకెట్ తీసి నాకిచ్చింది.

"నాకొద్దమ్మా. బాగాలేవు. ఉప్పెక్కువ."

అత్తయ్య గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓసినీ! గంత లొల్లి జేసి లోపలికి తెచ్చుకుంటిమి గదనే!"

నాలుగేళ్లుగా ఏ తిండి ముందు నిలబడినా మా ఇంట్లో ఒకే ప్రశ్న. ఇది తినొచ్చా, తినకూడదా? రుచి మాట ఎవరమూ అడగలేదు, తనూ చెప్పలేదు. ఇచ్చింది తిని ఊరుకునేది. ఇప్పుడు రైల్లో అందరూ వినేలా బాగాలేదంటోంది. నాకు నవ్వాగలేదు, కళ్లు తుడుచుకుంటూ నవ్వాను.

ఇందు సీట్లో వెనక్కి వాలి కాళ్లు ఊపుతూ అంది. "వచ్చే ఆదివారం మళ్లీ పోదాం. వేరేది కొందాం."

ఎల్బీనగర్‌లో తలుపులు తెరుచుకున్నాయి. ముగ్గురం దిగాం.