రొయ్యల షెడ్డులో నా ఆరోగ్య ప్రకటన

డిగ్రీ చదివిన మనిషి, పట్టుచీర కట్టుకుని, కైకలూరు దగ్గర రొయ్యల షెడ్డులో ఐసుగడ్డని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని దొరికిపోయిన వైనం ఇది. ఆ మనిషిని నేనే. నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి.

మా అమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయింది. తర్వాత చేయించిన జన్యు పరీక్షలో నాకూ, మా చెల్లెలు పద్మకీ ఆ ముప్పు ఉందని తేలింది. జబ్బు రాకముందే అండాశయాలు తీయించుకోమన్నారు డాక్టర్లు. నలభై నాలుగో ఏట నేను తీయించుకున్నాను. పద్మ మాత్రం "చూద్దాంలే అక్కా" అంటూ రోజులు నెట్టుకొస్తోంది. దానికి ధైర్యం చెప్పే బాధ్యత నా నెత్తినేసుకున్నాను. అక్కడే నా తెలివి వికటించింది.

ఆపరేషన్‌కి ముందే డాక్టరమ్మ చెప్పింది: "ముట్లు ఒక్కసారిగా ఆగిపోతాయండీ. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, చికాకు రావచ్చు. ఇబ్బందైతే రండి, హార్మోన్ మందులు మీకు సరిపడతాయో లేదో చూద్దాం."

"చికాకు నాకు పుట్టుకతోనే ఉందండీ. కొత్తగా వచ్చేదేముంది?" అన్నాను. ఆవిడ నవ్వలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

మూడు వారాలకల్లా ఒళ్ళు ఇటుకల బట్టీ అయింది. డిసెంబరు చలిలో ఫ్యాను అయిదులో తిరుగుతుంటే మావారు రెండు రగ్గుల కింద ఎక్కడో ఉండేవారు. గవర్నర్‌పేటలో జాకెట్టు ముక్క రంగు తేడాగా ఉందని షాపతనితో గొడవపడి, తప్పు తనదేనని అతను ఒప్పుకున్నాక భోరున ఏడ్చాను. గెలిచి ఏడ్చే మనిషిని అతను అంతకుముందు చూసి ఉండడు.

ఇవేవీ పద్మకి చెప్పలేదు. చెబితే బెదిరి ఆపరేషన్ మానేస్తుందని నా భయం. ఫోన్‌లో ఒకటే పాట.

"నాకేం లేదే. హాయిగా ఉన్నాను."

"ఒక్క నలత కూడా లేదా?"

"ఒక్కటీ లేదు."

"సర్లే అక్కా" అని ఫోన్ పెట్టేసేది. ధైర్యం ఎక్కుతోందనుకున్నాను.

చివరికి ఒప్పించి తీసుకొద్దామని పటమట నుంచి నేనే కైకలూరు బయల్దేరాను. మా మరిది, అంటే పద్మ మొగుడు, రొయ్యలు కొని, ఐసులో పెట్టి ఫ్యాక్టరీలకి పంపుతాడు. వాళ్ళింటి పక్కనే షెడ్డు. "నన్ను చూడవే, ఎంత కులాసాగా ఉన్నానో" అంటూండగానే మెడ దగ్గర మంట మొదలైంది. చెవులు కాలాయి, జాకెట్టు తడిసింది.

"రొయ్యలు చూసొస్తా" అని లేచాను. నేను పుట్టి బుద్ధెరిగాక రొయ్య ముట్టలేదని పద్మకి తెలుసు.

వెనకాలే వచ్చింది.

"అక్కా, ఏం చేస్తున్నావక్కడ?"

"రొయ్యల సైజు చూస్తున్నా."

"కళ్ళు మూసుకునా?"

రొయ్యలు ఏరుతున్న వెంకాయమ్మ తలెత్తకుండానే అంది: "అయ్యి ముట్లాగిన ఆవిర్లమ్మా. నాకూ వచ్చినియ్యి. ఈ ఐసు పెట్టెల మధ్య పని కాబట్టి బతికిపోయా. అమ్మగారికి ఇంకో గడ్డ ఇయ్యమంటారా?"

పద్మ గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

"ఇదేనా అక్కా? ఆవిర్లేనా?"

"ఇదే. దీనికి ఏడుపెందుకే?"

"ఆపరేషన్‌లో క్యాన్సర్ బయటపడిందేమో, దాస్తున్నావేమో అనుకున్నా. మూడు నెలల్నుంచీ నువ్వు దేని మీదా సణగలేదు. ఇందాక కాఫీ చల్లారిపోయినా ఏమీ అనలేదు. అమ్మ కూడా ఆఖర్న ఇట్లాగే, నాకేం లేదే, హాయిగా ఉన్నానంది."

ఒళ్ళో ఐసు కరిగి పట్టుచీర మీదుగా కాలవ కడుతోంది.

"సరే, అయితే విను" అని మొదలుపెట్టాను. ఆవిర్లు, నిద్ర, మోకాళ్ళు, జాకెట్టు ముక్క, మావారి రగ్గులు, చల్లారిన ఆ కాఫీ. ముప్పావు గంట పట్టింది. వింటున్నకొద్దీ దాని మొహం తేటపడింది.

"ఇవన్నీ డాక్టరమ్మకి చెప్పావా?"

"అంత ఎకసెక్కంగా మాట్లాడొచ్చి ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావే?"

"ఈ మొహంతోనే. ఇద్దరికీ కలిపి అపాయింట్‌మెంట్ తీసుకో."

పద్మ ఆపరేషన్ అయింది. తీసిన వాటిలో ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. నాకు మందులు కుదిరాయి, మావారు ఒక రగ్గుకి దిగారు. అమ్మకి దొరకని వ్యవధి మాకు దొరికింది, మేమిద్దరం దాన్ని వదులుకోలేదు. ఈ ఒక్క సంగతిలో గొప్పలు చెప్పుకోవడానికి నేనేం మొహమాటపడను.

అందుచేత శపథం చేశాను. ఈ ఒంట్లో ప్రాణం ఉండగా ఎవరితోనూ "నాకేం లేదు, హాయిగా ఉన్నాను" అనను. మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర, మావారి ఆఫీసులో పనిచేసే పెద్దమనిషి ఒకాయన మర్యాదకి "బాగున్నారా అండీ?" అన్నాడు. పాపం, ఆయన ఎక్కవలసిన బస్సులు మూడు వెళ్ళిపోయాయి.