బండ మీద సుద్దగీత

మా అక్క చేతిసంచిలో దువ్వెన ఉండదు, అద్దం ఉండదు, సుద్దముక్క మాత్రం తప్పకుండా ఉంటుంది. ఇరవై రెండేళ్ళు నగరపాలక సంస్థ వార్డు ఆఫీసులో సూపర్‌వైజరుగా చేసిన మనిషి ఆమె. వీధి దీపాలు, చెత్త బండ్లు, పగిలిన నీటి గొట్టాలు, మురుగు కాలువలు, వాటి మీద కప్పే బండలు, అన్నీ ఆమె నెత్తినే. ఏ వీధిలో ఏ దీపం ఆరిపోయిందో అడిగితే ఠక్కున చెప్తుంది. సొంత చెల్లెలి పుట్టినరోజు అడిగితే మాత్రం కేలెండర్ వైపు చూస్తుంది. ఈ మాట కోపంతోనే అంటున్నాను, దాచుకోను.

ఆ సుద్దముక్క సంగతి చెప్పాలి. ఫిర్యాదు వస్తే అక్క స్వయంగా వెళ్ళి, చెడిపోయిన చోట సుద్దతో సున్నా చుట్టేది. సున్నా ఉంటే జనం తప్పుకుని నడవాలి, పనివాళ్ళు అక్కడ పని చేయాలి. పని అయ్యాక మళ్ళీ వెళ్ళేది. కాలువ బండ అయితే దాని మీదకెక్కి మడమతో రెండుసార్లు గట్టిగా తొక్కేది. కదలకపోతేనే సున్నాకి అడ్డంగా ఒక గీత గీసేది. ఆఫీసులో కంప్యూటర్లు వచ్చాయి, ఫిర్యాదులు ఫోన్లోకి ఎక్కాయి, అయినా ఆ వార్డులో జనం నమ్మింది గీతనే. పిల్లల చేయి పట్టుకుని నడిచే తల్లులు, ముసలివాళ్ళు కిందికి చూసి, గీత ఉంటేనే అడుగు వేసేవాళ్ళు.

సుద్దముక్క ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. "నా కాలు తొక్కకుండా నా గీత ఎట్లా పడుతుందే?" అనేది. అక్కది ఎడమచేతి వాటం. ఆమె గీత ఎడమవైపు పైన మొదలై కుడివైపు కిందికి దిగుతుంది. చిన్నప్పుడు ఎన్ని మొట్టికాయలు పడ్డా ఆ వాటం మారలేదు.

ఇక మేస్త్రీ. పదకొండేళ్ళ కిందట కాలువలు తీసే పనివాడిగా వచ్చాడు. మాట నెమ్మది, పని చురుకు. అక్కకి తెగ నచ్చాడు. మురుగు లైన్ల పటం చదవడం నేర్పింది, కాగితాలు రాయడం నేర్పింది, పైవాళ్ళ వెంటపడి మేస్త్రీని చేయించింది. మధ్యాహ్నం తన డబ్బాలో సగం వాడికే. వాడు అక్కని "అక్కా" అని పిలిచే పిలుపు వింటే నాకు ఒళ్ళు మండేది.

"ఏమే, ఒక కడుపున పుట్టింది నేనా, వాడా?" అని అడిగాను ఒకసారి.

"వాడు నా మాట వింటాడు. నువ్వు వినవు," అంది నవ్వుతూ.

అమ్మకి కంటి ఆపరేషన్ అనుకున్న రోజే వార్డుకి హెడ్డాఫీసు పెద్దసారు తనిఖీ పడింది. సెలవులన్నీ రద్దు చేశారు. అక్క పొద్దున్నే హాజరు పట్టీలో సంతకం పెట్టి వీధుల్లోకి వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో అమ్మేమో పెద్దకూతురు వస్తేగానీ ఆపరేషన్ గదిలోకి వెళ్ళనని మంకుపట్టు పట్టింది. నర్సు రెండుసార్లు వచ్చి విసుక్కుంది. నేను అక్కకి ఫోన్ చేశాను.

"మూడు గంటలు ఆగవే, తనిఖీ అయిపోగానే వస్తా," అంది.

"కాలువలే నీకు కన్నతల్లులైతే అక్కడే ఉండు!" అని ఫోన్ పెట్టేశాను. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో.

అప్పుడు అక్క దర్జీ సందులో ఉంది. ఆ సందు చివర ఒక దర్జీ కొట్టు ఉంది కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. ఆ సందులో పదకొండు సున్నాలు చుట్టింది. వాటిలో తొమ్మిది సున్నాలకి గీతలు పడ్డాయి. మిగిలిన రెండు బండలు పగిలి ఊగుతున్నాయి, కొత్తవి లారీలో రావాలి. అక్క సంచిలోంచి సుద్దముక్క తీసి మేస్త్రీ చేతిలో పెట్టింది. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి.

"బండలు వస్తే వేయించు. ఎక్కి తొక్కి చూసి అప్పుడు గీయి. రాకపోతే సున్నాలు అట్లాగే ఉండనీ. పెద్దసారు అడిగితే నేను చెప్పుకుంటా," అంది.

"నువ్వెళ్ళక్కా. నేను లేనా?" అన్నాడు వాడు.

అక్క ఆసుపత్రికి వచ్చాకే అమ్మ ఆపరేషన్ గదిలోకి వెళ్ళింది. సందులోకి మాత్రం లారీ రాలేదు. పెద్దసారు కారు సందు మలుపులో కనబడగానే మేస్త్రీ ఆ రెండు సున్నాలకీ గీతలు గీసేశాడు. పెద్దసారు వచ్చాడు, పదకొండు గీతలూ చూశాడు, అక్క పక్క వీధిలో ఉందన్న మేస్త్రీ మాట నమ్మి, మెచ్చుకుని వెళ్ళిపోయాడు. గంట తర్వాత దర్జీ కొట్టు మూసి అన్నానికి ఇంటికి బయల్దేరాడు. ఆ రెండు బండల్లో ఒకదాని గురించి పదిహేను రోజులుగా ఫిర్యాదు చేస్తున్నది ఆయనే. గీత చూశాడు, నమ్మకంగా అడుగేశాడు. బండ తిరగబడింది. కుడికాలు కాలువలోకి దిగి రెండుచోట్ల విరిగింది. మిషను తొక్కే కాలు.

మర్నాడు తెల్లవారేసరికి కొత్త బండలు వచ్చేశాయి. మేస్త్రీ దగ్గరుండి వేయించాడు. పాత బండల్ని సుద్దగీతలతో సహా ముక్కలు కొట్టించి ఎత్తించేశాడు.

విచారణకి హెడ్డాఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. వార్డు ఆఫీసు హాలులో కుర్చీలు వేశారు. అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. ఆసుపత్రికి వెళ్ళానంది, సుద్దముక్క ఇచ్చానంది, ఆ తప్పు తనదేనంది. హాజరు పట్టీలో ఆమె సంతకం ఉంది. ఆసుపత్రి కాగితాల మీద నా సంతకమే ఉంది. నేను లేచి, ఆ వేళ ఆమె ఆసుపత్రిలో నా పక్కనే కూర్చుందని చెప్పాను.

"మీరు చెల్లెలు కదమ్మా," అన్నాడు అధికారి మర్యాదగానే.

తర్వాత మేస్త్రీని పిలిచాడు. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క వైపు చూడలేదు.

"మేడం సుద్దముక్క ఎవరి చేతికీ ఇవ్వరు సార్," అన్నాడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇవ్వలేదు. కావాలంటే వార్డులో ఎవర్నైనా అడగండి."

అధికారి నిజంగానే అడిగాడు. చెత్త బండి నడిపేవాడు, దీపాలు వేసే లైన్‌మన్, ఆఫీసు గుమాస్తా, అందరూ అదే చెప్పారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. మా అక్క ఇరవై రెండేళ్ళు కాపాడుకున్న పేరునే తాడుగా పేని ఆమె మెడకే బిగించాడు వాడు. నేను వాడి చొక్కా పట్టుకుందామని లేచాను. అక్క నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఉద్యోగం పోదని మాకు తెలుసు. పోయేది గీత. తొక్కి చూడకుండా గీసిందన్న మాట ఒకసారి పడితే ఇరవై రెండేళ్ళ గీతలన్నీ దొంగవైపోతాయి. అక్క చివరిసారి లేచి, "సార్, నేను ఎడమచేత్తో గీస్తాను. ఆ బండ మీది గీత ఎటు వాలిందో దర్జీగారిని అడగండి. దాన్ని దగ్గరగా చూసింది ఆయనొక్కరే," అంది.

దర్జీని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. కాలికి తొడదాకా కట్టు.

"గీత ఉంది సార్. అది చూసే అడుగేశా."

"ఎటువైపు వాలి ఉంది?"

దర్జీ తన కాలి కట్టు సర్దుకున్నాడు. "అంత పట్టి చూడలేదు సార్," అన్నాడు.

అక్కని వాహనాల షెడ్డుకి వేశారు. అక్కడ వీధులుండవు, పాత టైర్లుంటాయి. ఆమె కుర్చీలో తాత్కాలికంగా మేస్త్రీని కూర్చోబెట్టారు.

వారం తర్వాత అక్క దర్జీని చూడటానికి బయల్దేరింది. నా వార్డులో పడ్డాడు, చూడకపోతే ఎట్లా అంటుంది. నీ వార్డెక్కడుంది ఇంకా అని తిడుతూనే వెంట వెళ్ళాను. దర్జీ మంచం మీద ఉన్నాడు. గోడ పక్కన మిషను మీద దుప్పటి కప్పి ఉంది. అక్కని చూడగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా, పడ్డాక లేవలేక పావుగంట అక్కడే ఉన్నా. ఆ గీత నా మొహం ముందే ఉంది. అది నీది కాదు. నలభై ఏళ్ళుగా బట్ట మీద సుద్దతో గీసేవాణ్ణి, ఏ చేత్తో గీశారో ఆ మాత్రం తెలీదా నాకు?"

"మరి ఆ మాట అక్కడెందుకు చెప్పలేదు?" గొంతు చించుకుని అరిచాను.

ఆయన నాకు కాదు, అక్కకే జవాబు చెప్పాడు. "విచారణకి ముందురోజు మేస్త్రీ వచ్చాడమ్మా. రేపట్నుంచి వార్డు నాదే అన్నాడు. సందంతా కొత్త బండలేయిస్తా, కొట్టు మెట్లు తీసేసి వాలుగా కట్టిస్తా, కర్ర పట్టుకుని అయినా నడవొచ్చన్నాడు. నువ్వెట్లాగూ వెళ్ళిపోతావు. ఇక నాకు పనిపడేది అతనితోనే కదా."

అక్క ఆయన్ని కట్టు తడవకుండా చూసుకోమని చెప్పి లేచింది.

బయట సందంతా కొత్త బండలు. కొట్టు ముందు మెట్ల చోట వాలుదారి నున్నగా ఉంది. అన్నమాట నిలబెట్టుకున్నాడు వాడు, కనీసం దర్జీ విషయంలో. అక్క ఆగి, దర్జీ పడిన చోట బండ ఎక్కి మడమతో రెండుసార్లు తొక్కింది. కదల్లేదు.

"గట్టిగా వేశాడు. నేను నేర్పినట్టే," అంది.

అలవాటుగా ఎడమచేయి సంచిలోకి వెళ్ళింది. అడుగుదాకా వెతికింది. చేయి ఖాళీగా బయటికొచ్చింది.

"తిరిగివ్వలేదే వాడు," అంది చిన్నపిల్లలా నా వైపు చూసి.

విచారణలో ఏడవని మనిషి, బదిలీ కాగితం అందుకున్నప్పుడు ఏడవని మనిషి, ఆ బండ మీద నిలబడి ఏడ్చింది.