జాగిలం, ఏడో నీడ, ఒక ఊక బాయిలర్

శ్రావణ్‌కుమార్‌ను ఎవరేమన్నా పెద్దగా పట్టించుకోడు. వాళ్ళ ఊరు లక్డారం మీద జోకులేసినా, అతని చొక్కాను వెక్కిరించినా నవ్వేసి పోతాడు. 'జాగిలం' సినిమాల మ్యూజిక్‌ను మాత్రం ఒక్క మాట అనకూడదు. అన్నవాడు మేనమామ కొడుకైనా సరే, ఆ రోజు నుంచి మాటలు బంద్. నిజంగానే ఒక మేనమామ కొడుకుతో అట్లా బందయ్యాయి కూడా.

పటాన్‌చెరు దాటాక హైవే పక్కన ఉన్న మందుల ఫ్యాక్టరీలో అతను బాయిలర్ ఆపరేటర్. ఊకతో మండే పాత బాయిలర్ అది. దాన్ని నడిపే సర్టిఫికెట్ అక్కడ ఇద్దరికే ఉంది. పగలు ఒకడు, రాత్రి ఒకడు, వారం మారితే డ్యూటీ మారుతుంది. మూడో మనిషి గుజరాత్ పోయాడు, అతని స్థానంలో కంపెనీ ఎవరినీ తీసుకోలేదు. ఒకడి డ్యూటీ అయిపోయాక రెండోవాడు వచ్చి, బాయిలర్‌లో నీళ్ళు ఎంతవరకున్నాయో దాని పక్కనుండే గాజు అద్దంలో చూసి డ్యూటీ తీసుకుంటేనే మొదటివాడు కదలాలి. అట్లా వచ్చేవాణ్ణి రిలీవర్ అంటారు. బాయిలర్‌ను ఒంటరిగా వదిలి పోతే ఏమవుతుందో ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా చెప్పనక్కర్లేదు.

శ్రావణ్‌కు రిలీవర్ వెంకట సాయి. సాయికి రిలీవర్ శ్రావణ్. సాయి 'ఏడో నీడ' ఫ్యాన్.

రెండూ గూఢచారి సినిమాలే. జాగిలంలో హీరో మాట్లాడడు, వెతుకుతాడు. అతను వస్తున్నాడంటే ఒక్క డప్పు మోగుతుంది, దాని కింద ఏదో బొంగురు తీగ మూలుగుతుంది, అంతే. ఏడో నీడ హీరోకు ఏడు పాస్‌పోర్టులు, ఏడు పేర్లు, ప్రతి పేరుకూ ఒక పాట. వాటన్నిటికీ ముందు ఒక ఈల. ఆ ఈలను సాయి రింగ్‌టోన్‌గా పెట్టుకున్నాడు. శ్రావణ్‌కు ఆ ఈల వింటే చెవిలో పుల్ల తిప్పినట్టుండేది. తన సంగతి వేరు. బాయిలర్‌లోకి నీళ్ళు తోసే ఫీడ్ పంపు తిరగడం మొదలుపెట్టినప్పుడల్లా వచ్చే ధక్, ధక్‌ధక్ అనే చప్పుడులో కూడా అతనికి జాగిలమే వినిపించేది.

డ్యూటీ మారే పావుగంట వాళ్ళ యుద్ధానికి సరిపోయేది. చుట్టూ హెల్పర్లు చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడేవాళ్ళు.

"గూఢచారంటే ఎవనికి తెల్వకుండ వోవాలె," అనేవాడు శ్రావణ్. "మీవోడు ఏందిర, దేశంగాని దేశంల దిగంగనే రెండొందల మందితోని డాన్స్ జేస్తడు. ఎనుక బాజాలు. గాడి పోలీసోళ్ళకు చెవులు లెవ్వా?"

"మీవాడు రెండున్నర గంటలు నోరే తెరవడు కదరా. పంటి నొప్పేమో అనుకున్నా," అనేవాడు సాయి. వాళ్ళ నాన్న వెంకటరామయ్య గుంటూరు వైపు నుంచి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సాయి పుట్టింది ఇక్కడే అయినా మాట మాత్రం ఇంటిదే. "ఇక ఆ మ్యూజిక్కా? దడదడదడ. మా అమ్మ విని వాషింగ్ మెషీన్ ఆపమంది."

"గా మూలిగే తీగ చెల్లో. దాని మీద డప్పు. చెల్లో అంటె ఏందో ఎర్కనా నీకు?"

"నీకు మాత్రం ఎరుకా? యూట్యూబ్‌లో ఎవడో చెప్తే విన్నావ్."

అది నిజం. నిజం కాబట్టే శ్రావణ్‌కు మండేది. సాయి అక్కడితో ఆపేవాడు కాదు. "అంత గొప్ప మ్యూజిక్ అయితే రెండో పార్టుకి మ్యూజిక్ డైరెక్టర్‌ని ఎందుకు పీకేశారు? చెప్పు?" అనేవాడు. రెండో పార్టు మ్యూజిక్ చెత్తగా ఉందని శ్రావణ్‌కూ తెలుసు. ఆ మాట తల తీసినా ఒప్పుకోడు.

"భయ్యా, పెహలే పానీ దేఖో," అని ఒడిశా నుంచి వచ్చిన హెల్పర్ నీళ్ళ అద్దం వైపు చూపిస్తే గానీ ఇద్దరికీ పని గుర్తొచ్చేది కాదు.

ఇట్లా మాటల్తో పోతే పోయేది. చేతల్లోకి దింపింది శ్రావణే.

ఏడో నీడ మూడో పార్టు విడుదలైన రోజు సాయి రాత్రి డ్యూటీలో ఉన్నాడు. పొద్దున దిగి, చెల్లెలు శ్రావ్యను తీసుకుని పటాన్‌చెరులో మొదటి ఆటకు పోవాలి. టికెట్లు దొరికాయని వారం నుంచి స్టేటస్‌లు పెడుతూనే ఉన్నాడు. ఆ పొద్దున శ్రావణ్ ఇంటి నుంచి టైముకే బయల్దేరాడు. ఫ్యాక్టరీ ముందు హోటల్ దగ్గర బండి ఆపాడు. ఫోన్ బంద్ చేశాడు. ఇడ్లీ తిన్నాడు, చాయ్ తాగాడు, పేపర్ చదివాడు, ఇంకో చాయ్ తాగాడు. ఆట సగానికి వచ్చి ఉంటుందని నమ్మకం కుదిరాక లోపలికి పోయాడు.

"టైర్ పంచరైంది," అన్నాడు.

సాయి ఎర్రబడ్డ కళ్ళతో అతన్నే చూశాడు. బ్యాగు తీసుకుని పోయాడు. ఆ పగలంతా శ్రావణ్ ఈల వేస్తూ పని చేశాడు, అదీ ఆ ఏడో నీడ ఈలే, కావాలని.

తర్వాత కొన్నాళ్ళకు కంది అనే ఊరి నుంచి సంబంధం వచ్చింది. పిల్ల పేరు నిషిత, సంగారెడ్డిలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. తండ్రి సంగయ్య కందిలోని కాలేజీ క్యాంపస్‌లో తోటపని చూస్తాడు. శ్రావణ్‌కు అంతకుముందే రెండు సంబంధాలు తప్పాయి, రాత్రి డ్యూటీల పిల్లగాడు వద్దని. ఈసారి మాత్రం తప్పకూడదని అతను గట్టిగా అనుకున్నాడు. ఎందుకంటే ఆ పిల్లను ఒక చుట్టాల పెళ్ళిలో చూశాడు. ఎవరి మాటా వినని డీజేవాడి దగ్గరికి పోయి, "అన్నా, సౌండ్ తగ్గిస్తవా, నేనే వైర్ గుంజాల్నా?" అని అడిగింది. వాడు తగ్గించాడు.

సోమవారం పొద్దున పిల్ల తరఫువాళ్ళు పిల్లతో సహా లక్డారం వస్తామన్నారు. శ్రావణ్‌కు ఆ వారం రాత్రి డ్యూటీ. పొద్దున్నే దిగి, స్నానం చేసి తయారవడానికి బోలెడంత టైముంది. అందుకే సాయికి ఏమీ చెప్పుకోలేదు. క్యాంటీన్‌లో మాత్రం అందరికీ చెప్పాడు.

ఆ సోమవారం సాయి రాలేదు.

ఫోన్ చేస్తే స్విచాఫ్. తల్లి మల్లమ్మ దగ్గర్నుంచి ఫోన్ మీద ఫోన్.

"ఏడున్నవ్‌ర? ఆళ్ళు కంది ఇడిసిండ్రంట."

"రిలీవర్ రాలేదే అమ్మా."

"గా పిలగాని కాళ్ళు మొక్కుతనని జెప్పు. రమ్మను."

షిఫ్ట్ ఇన్‌చార్జికి జాలేసింది. "హెల్పర్ చూస్తాడులే, పోయి జల్దీ వచ్చెయ్. నేను చూడనట్టే ఉంటా," అన్నాడు. శ్రావణ్ బండి తాళాలు చేతిలోకి తీసుకున్నాడు కూడా. అప్పుడే ఎదురుగా హోటల్ గుర్తొచ్చింది. సాయి అక్కడే కూర్చుని ఉంటాడు. తను గేటు దాటగానే లోపలికొచ్చి, మనిషి లేని బాయిలర్‌ను ఫోటో తీసి పైవాళ్ళకు పంపుతాడు. సర్టిఫికెట్ పోతుంది, ఉద్యోగం పోతుంది. తాళాలు మళ్ళీ జేబులో వేసుకున్నాడు. బాయిలర్ మీద భక్తితో కాదు, సాయి మీద కోపంతో అక్కడే నిలబడ్డాడు.

కాసేపటికి సంగయ్యే ఫోన్ చేశాడు. "మీ ఇంట్ల చాయ్ తాగినం బాబూ. మంచిగున్నది. పిలగాడే లేడు."

"కాకా, జెర ఆగుండ్రి. డ్యూటీ ఇడ్సి రానీకి లేదు."

"ఇడ్సి రాలేదంటె మంచోనివే. గని రేపు లగ్గం నాడు గూడ గిట్లనే అంటె మా పిల్ల ఎవర్ని జూస్కుంట గూసోవాలె? బేస్తారం మల్ల మంచిగున్నదట. వస్తం. గది గూడ తప్పితె ఇగ మా దిక్కు రాకుండ్రి."

సాయి వచ్చేసరికి ఎండ ముదిరింది.

"టైర్ పంచర్," అన్నాడు.

శ్రావణ్ కాలర్ పట్టుకున్నాడు. సాయి చేతులు కూడా ఎత్తలేదు. "కొట్టరా. కొడితే నాకు సస్పెన్షన్ రాదు, నీకొస్తుంది. నాకు దెబ్బ తగిలి మంచం పట్టాననుకో, రాత్రీ పగలూ డ్యూటీ నువ్వే. ఏది కావాలో చూసుకో."

శ్రావణ్ వదిలేశాడు. డ్యూటీ జత మార్చమని ఆఫీసుకు పోయి అడిగాడు. ఉన్నదే ఇద్దరు, ఎవరితో మార్చాలని వాళ్ళు నవ్వారు.

గురువారం తప్పకూడదు. అంటే సాయిని అడగాలి. బుధవారం పొద్దున డ్యూటీ దిగుతూ, నేల చూపులు చూస్తూ అడిగాడు.

"రేపు టైముకు రా."

"వస్తా. మన ఫ్యాక్టరీ గ్రూప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టు. టైపు చెయ్యడం కాదు, నీ గొంతుతో. ఏడో నీడ మ్యూజిక్ ముందు జాగిలం మ్యూజిక్ పనికిరాదు అను."

"ఇంకేమన్న అడుగు. దసరా డ్యూటీ నేన్ జేస్త."

"వద్దు."

"దసరా, దీపావళి రెండు జేస్త."

"నా సినిమా పోయిందిరా. నీ దీపావళి నాకెందుకు?"

శ్రావణ్ ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఏమైందని మల్లమ్మ అడిగి అడిగి చివరికి చెప్పించుకుంది. "గంతేనా? రెండు ముక్కలే గదర, అను," అంది.

"నీకు తెల్వదు."

"నాకు తెల్వది. గా పిల్లకు ఫోన్ జేసి జెప్పు మరి, సిన్మా బాజాల కోసం నిన్ను ఇడ్సిపెట్టిన అని. దానికి తెలుస్తదేమో."

మిద్దె మీదికి పోయి, నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి రికార్డు చేశాడు. మొదటిసారి సగంలో ఆపేశాడు. రెండోసారి గొంతు కోపంగా వచ్చింది, సాయి ఒప్పుకోడని తుడిపేశాడు. మూడోసారి స్కూల్లో ప్రతిజ్ఞ చదివినట్టు చదివి, వినకుండానే పంపేశాడు.

ఫోన్ ఆగకుండా మోగింది. నవ్వే బొమ్మలు, చప్పట్లు, "అన్నా, ఇజ్జత్ వాయె" అని మెసేజ్‌లు. సాయంత్రానికి ఎవడో ఆ గొంతు వెనక ఏడో నీడ ఈల కలిపి స్టేటస్ పెట్టాడు. అది పటాన్‌చెరు జాగిలం ఫ్యాన్స్ గ్రూప్ దాకా పోయింది. మూడు పార్టులకూ కటౌట్ కట్టిన మనిషిని వాళ్ళు ఏమీ అడగకుండానే గ్రూప్‌లోంచి తీసేశారు. శ్రావణ్ ఆ స్క్రీన్‌ను చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. తండ్రి చేను అమ్మినప్పుడు కూడా అట్లా కూర్చోలేదని మల్లమ్మ తర్వాత చుట్టాలకు చెప్పింది.

గురువారం సాయి టైముకంటే ముందే వచ్చాడు. నీళ్ళు చూశాడు, మంట చూశాడు.

"థాంక్స్ చెప్పవా?"

"నీకా?" అని శ్రావణ్ బండెక్కాడు.

పెళ్ళిచూపుల్లో పెద్దలు పక్క గదిలోకి పోయాక నిషిత మొదటగా అడిగింది అదే. "గా వాయిస్ మీదేనా? మా తమ్ముడు ఇనిపిచ్చిండు."

శ్రావణ్ తల దించుకున్నాడు. "నాదే."

"నిజంగ గట్లనే అనుకుంటున్నరా?"

"లే. బరాబర్ అబద్ధం."

"మరెందుకన్నరు?"

"ఇయ్యాల ఈడికి రానీకి."

ఆమె గోడవైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలాసేపు నవ్వింది. సంబంధం కుదిరింది.

పెళ్ళి దగ్గర పడ్డాక శ్రావణ్ ఫ్యాక్టరీలో కార్డులు పంచాడు. గేటు వాచ్‌మన్‌కు, క్యాంటీన్‌వాళ్ళకు, ఒడిశా హెల్పర్‌కు, ఇన్‌చార్జికి, ఆఖరికి జత మార్చమంటే నవ్విన ఆఫీసువాళ్ళకు కూడా ఇచ్చాడు. అతని సెలవు రోజులకు పక్క ఫ్యాక్టరీ నుంచి ఒక ఆపరేటర్‌ను అరువు తెచ్చారు. అతనికి ఈ ముసలి బాయిలర్ కొత్త, కాబట్టి తన డ్యూటీ అయ్యాక కూడా సాయి అక్కడే ఉండాలన్నారు.

సెలవుకు ముందు చివరి డ్యూటీ మారేటప్పుడు సాయి అడిగాడు. "నాకు కార్డు లేదా?"

"నువ్వొస్తె బాయిలర్ కాడ ఎవడుంటడు?"

"రానులే. రాకపోయినా ఇవ్వొచ్చు కదరా."

"ఇయ్యను," అన్నాడు శ్రావణ్.

పెళ్ళిలో మటన్ బాగుందని ఫ్యాక్టరీలో వారం రోజులు చెప్పుకున్నారు. పెళ్ళి జరిగిన ఆ పగలు సాయి క్యాంటీన్‌లో సాంబారన్నం తిని, చెయ్యి కడుక్కుని, మళ్ళీ బాయిలర్ దగ్గరికి పోయాడు.