కొట్టేసిన మాట

మా పసిపిల్లల వార్డులో నర్సు ఒకావిడని అందరం గీతక్క అనేవాళ్లం. అది అసలు పేరు కాదు. పరిశోధన రిజిస్టర్లో ఏదైనా తప్పు రాస్తే దాని మీద ఒక్కటే గీత కొట్టాలి, కింది మాట కనబడుతూ ఉండాలి, పక్కన తారీఖు, సంతకం, మార్చిన కారణం ఉండాలి. మాలో ఎవరైనా వైట్‌నర్ పూశామా, ఇక ఆ రోజు మా పని అయిపోయినట్టే. "సున్నం కొట్టడానికి ఇదేమన్నా గోడా?" అని దులిపేసేది. ల్యాబులో పనిచేసే నేను ఎన్ని చీవాట్లు తిన్నానో.

అప్పట్లో రక్తంలో ఇన్‌ఫెక్షన్ చేరిన పసికందులకి ఒక కొత్త మందు ఇచ్చి చూస్తున్నారు. ఆ మందు మొదలుపెట్టిన మూడో రోజున ఒక పాపకి మూత్రం ఆగిపోయింది. ఐదో రోజున పాప పోయింది. గీతక్క రిజిస్టర్లో "మరణం" అని రాసింది. పెద్ద డాక్టరు పిలిచి, "అది కొట్టేసి, తల్లి మధ్యలో ఈ పరిశోధన మానుకుందని రాయండి సిస్టర్," అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? వరండాలో అందరి ముందూ ఆ తల్లిని నిలబెట్టి, "నువ్వు పాలు సరిగ్గా పట్టకపోతే మందులేం చేస్తాయి?" అన్నాడు. పక్కనున్న అత్తగారు ఆ మాట పట్టుకుని కోడల్ని కాల్చుకు తినడం మొదలుపెట్టింది. ఆ పెద్దమనిషిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గీతక్క వెళ్లి రిజిస్టర్ తెరిచింది. "మరణం" మీద ఒక్క గీత కొట్టి, చెప్పినట్టే రాసింది. కారణం అన్నచోట "పెద్ద డాక్టరు గారు మార్చమన్నారు" అని గుండ్రంగా రాసింది. ఆయన చదవకుండానే కింద సంతకం గీకేశాడు.

"ఇంతేనా అక్కా?" అన్నాను కోపంగా.

"రిజిస్టర్ తనిఖీ చేసేవాళ్లని రానీవే. ఆ తల్లిని ఏడిపించినందుకు వీణ్ణి అందరి ముందూ నిలబెడతాను."

తనిఖీకి తొమ్మిది రోజులుంది. ఈలోగా ఏదో ఒక వంక పెట్టి, ఆ మందు పరిశోధనలో కొత్త బిడ్డని ఒక్కర్నీ చేర్చనివ్వలేదు. డాక్టరు కనబడితే మాత్రం నవ్వుతూ నమస్కారం పెట్టేది. ఆ నవ్వు చూస్తే నాకే భయమేసేది.

తనిఖీకి వచ్చినావిడ ఆ పేజీ దగ్గర ఆగి, కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివింది. డాక్టరు తొంగిచూసి పాలిపోయాడు.

"ఏమిటి సిస్టర్, ఇలా రాశారు?"

"మీరు చెప్పిందే రాశాను సార్. అక్షరం పొల్లు పోలేదు."

వారంలో పరిశోధన ఆపేశారు, ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. వార్డులో నేను ఎగిరి గంతేశాను. గీతక్క "నా కడుపు చల్లబడింది," అని, నన్ను వెంటబెట్టుకుని ఆ తల్లి ఇంటికి బయల్దేరింది.

ఆ పిల్ల కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. అత్తగారు వినేలా గీతక్క గట్టిగా చెప్పింది. "తప్పు నీ పాలది కాదమ్మా, మందుది. ఆ డాక్టర్ని పీకేశారు."

అత్తగారు తల దించుకుంది. ఆ పిల్ల మిషను ఆపింది.

"ఆ మందు పాపకి ఎక్కించింది ఎవరక్కా?"

"నేనే."

"మూడో రోజు గుడ్డ తడవట్లేదని మీతోనే చెప్పానుగా. ఆ తర్వాత కూడా ఎక్కించారా?"

గీతక్క నా వంక చూసింది. నేను తల తిప్పుకున్నాను.

"ఎక్కించానమ్మా. ఇంకో రెండు రోజులు."

ఆ పిల్ల ఏడవలేదు, అరవలేదు. "మరి మిమ్మల్నెప్పుడు పీకేస్తారు?" అని అడిగింది.