శామీర్‌పేట కట్ట మీద, సగం ముఖంతో

మూడు నెలల కిందట ఒక ఉదయం పళ్లు తోముకుంటుంటే నీళ్లు పెదవి మూల నుంచి కారిపోయాయి. అద్దంలో చూస్తే ముఖం ఎడమ సగం జారిపోయి ఉంది. నరం దెబ్బతిన్నదని, చాలామందికి నయమవుతుందని డాక్టర్ అన్నారు. నాకు కాలేదు. నేను బళ్లో తెలుగు చెప్తాను. పకారాలు, బకారాలు పెదవి మీద నిలవక సెలవు పెట్టేశాను. ఆ ముఖాన్ని అసహ్యించుకోవడమే రోజంతా నా పని అయింది. "ఎక్కడికైనా వెళ్లి కాసేపు చెట్టూ నీళ్లూ చూసి రా అక్కా" అని చెల్లెలు పోరింది. నమ్మకంతో కాదు, ఆ పోరు పడలేకే బయలుదేరాను.

జూబ్లీ బస్‌స్టేషన్‌లో పొద్దున ఐదున్నరకి సిటీ బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు చూపించాలి. అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా దాదాపు గంట ప్రయాణం.

"మాస్క్ జర తియ్యుండ్రి మేడమ్" అంది కండక్టరమ్మ. తీశాను. కార్డులో నవ్వుతున్న ముఖాన్ని, నన్ను మార్చి మార్చి చూసింది. "ఇది మీదేనా?"

అవునన్నాను. ఆమె చూపు తిప్పుకుని టికెట్ ఇచ్చింది. ఆ తర్వాత కిటికీ పక్కనే కూర్చున్నా దారిలో నేనేమీ చూడలేదు.

శామీర్‌పేటలో దిగి పావుగంట నడిస్తే చెరువు కట్ట. నీళ్లు నిండుగా ఉన్నాయి, నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. అందంగానే ఉంది. నాలో ఏమీ కదల్లేదు. మాస్క్ తీయగానే మూతపడని ఎడమ కంట్లోకి గాలి కొట్టి నీళ్లు కారాయి. కాసేపటికి నిజంగానే ఏడుపొచ్చింది. ముఖంలో సగమే ఏడ్చింది. మిగతా సగం ఎవరిదో అన్నట్టు ఉండిపోయింది.

పక్క ఊరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి బర్రెకు గడ్డి కోయడానికి వచ్చిన ఒక అవ్వ కుంటుకుంటూ దగ్గరికి వచ్చింది.

"ఏంది బిడ్డా, కంట్ల ఏమన్న వడ్డదా?"

"లేదవ్వా, ముఖమే ఇలా అయిపోయింది."

మొహమాటం లేకుండా వంగి చూసింది. "మంచిగైతదా?"

"తెలియదు. నాకే చూడబుద్ధి కావడం లేదు."

"నా మోకాలు గూడ ఇగ మంచిగ కాదన్నరు. రోజు తిడ్త దాన్ని. తిట్టుకుంటనే నూనె రాస్త."

"తిట్టేదానికి నూనె ఎందుకు?"

"నా కాలే గద! నేను రాయకుంటే ఎవలు రాస్తరు?" అంటూ పక్కన కూలబడింది. "ఏమన్న తిన్నవా?"

ఉప్మా డబ్బా తెరిచి ఆమెకూ కొంత పెట్టాను. మూడు నెలల్లో ఒకరి ముందు తినడం అదే మొదలు. పెదవి మూల నుంచి ఉప్మా రాలింది. "నిమ్మలంగ తిను, జల్దీ ఏముంది" అని తన బర్రె సంగతులు చెప్పుకుంటూ పోయింది.

మధ్యాహ్నం ఇల్లు చేరి కంట్లో చుక్కల మందు వేసుకున్నాను. రోజూ శిక్ష వేసినట్టు విసురుగా వేసుకునేదాన్ని. ఆ రోజు రెప్పను వేలితో మెల్లగా మూసి, కాసేపు అలాగే పట్టుకున్నాను. చెరువు నన్ను బాగుచేయలేదు. బడికి మళ్లీ వెళ్లగలనో లేదో తెలియదు. చాలా ఉదయాలు లేవాలనే ఉండదు. నన్ను నేను ప్రేమించుకుంటున్నానని అబద్ధం చెప్పను. ఆ కన్ను నాదేనని మాత్రం ఒప్పుకున్నాను.

వెళ్లేవాళ్లకు ఒక మాట: ఏడింటికల్లా కట్ట మీద ఉండండి. తొమ్మిది దాటితే ఎండా, జనమూ ఎక్కువవుతాయి. ఎవరూ చూడకుండా ఏడవాలంటే ఆ రెండు గంటలే.