యజమాని ఒప్పుకున్నాడా?

సహోదరులారా, సహోదరీలారా, నన్ను ఈ రోజు ఈ మైకు ముందు నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం, మీ అందరికీ నా వందనాలు. పాస్టరు గారు నాకు పది నిమిషాలే ఇచ్చారు, నా నోటి సంగతి మీకు తెలుసు కదా, కాబట్టి ఎవరికైనా పార్కింగు టైము అయిపోతుంటే ఇప్పుడే వెళ్ళి చూసుకుని రండి, మధ్యలో లేస్తే నాకు కోపం వస్తుంది!

మూడేళ్ళ క్రితం చలికాలంలో నా కుడిచేతి వేళ్ళు సుద్దముక్కల్లా తెల్లబడడం మొదలైంది. మొదట చలి అనుకున్నాను, తర్వాత తిమ్మిరి అనుకున్నాను, తీరా చూస్తే గిల్లినా తెలియని స్థితికి వచ్చేశాను. మా పేట డాక్టరు, అదే జీపీ, ఆసుపత్రికి పంపితే అక్కడి డాక్టరు చూసి, నట్లు విప్పే గాలి గన్నును ఏళ్ళ తరబడి పట్టుకున్నందువల్ల ఆ అదురు నరాలకు ఎక్కిందనీ, ఇక ఆ పనిముట్లు ముట్టుకోవద్దనీ చెప్పేశాడు. మీరు కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళు, నేను కార్ల కింద పడుకునేవాణ్ణి, నాకున్న చదువంతా ఈ వేళ్ళలోనే ఉంది, అదే పోతే నేనెవరిని? ఇంట్లో చెప్పలేదు. కానీ మా ఆవిడ సువార్త దగ్గర ఏది దాగుతుంది? "ఏవండీ, చొక్కా గుండీ పెట్టుకోలేని మనిషి జనాల బ్రేకులు ఏం చూస్తారండీ?" అని ఒకరోజు మొహం మీదే అడిగేసింది, నేను అన్నం వదిలేసి లేచిపోయాను.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెబుతున్నాను, నేను ఒంగోలులో లారీల దగ్గర పని నేర్చుకుని ఈ దేశం వచ్చి, ఈ స్లౌ ఊళ్ళో ఫ్యాక్టరీల పేట, అదే ట్రేడింగ్ ఎస్టేట్, వెనక ఒక రిపేరు షాపు పెట్టాను. మా అమ్మాయి కెజియా దాన్ని గ్యారేజ్ అంటుంది, నాకు మాత్రం అది షెడ్డే. ఇరవై నాలుగేళ్ళు నడిపాను, ఆరుగురు పనివాళ్ళు. ప్రతి ఉదయం షట్టరు ఎత్తే ముందు దాని మీద చెయ్యి వేసి, తెలుగులో, గట్టిగా, "ప్రభువా, ఈ షెడ్డుకు యజమాని నీవే, నేను నీ పనివాణ్ణి మాత్రమే" అని ప్రార్థన చేసేవాణ్ణి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పనివాళ్ళు టీ కప్పులు పట్టుకుని మర్యాదగా నిలబడేవారు. ఇక లోపలికి అడుగు పెట్టాక నా నియమం నాది! ఎవరు రిపేరు చేసినా సరే, చక్రాల నట్లు చివరిసారి నేనే బిగించి చూడాలి, నా చేయి పడందే బండి బయటికి వెళ్ళకూడదు. దాన్ని జాగ్రత్త అనుకున్నాను సహోదరులారా, అది వట్టి గర్వమని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వేళ్ళు పోయాక కూడా ఆ నియమం మానలేదు. ఉపవాసం ఉన్నాను, "నా వేళ్ళు నాకు తిరిగి ఇవ్వు ప్రభువా, నేను లేకపోతే ఈ షెడ్డు ఏమైపోతుంది?" అని ఏడ్చాను, మళ్ళీ వెళ్ళి అదే పానా పట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం ఇద్దరు పసిపిల్లల తల్లి కారు నేనే చూసి, నేనే బిగించి, తాళాలు ఇవ్వబోతుంటే, పదిహేడేళ్ళుగా నా దగ్గర పనిచేస్తున్న మారెక్, పోలండ్ మనిషి, చక్రం దగ్గర వంగి ఏదో చూస్తున్నాడు. నాకు తిక్క రేగింది, "నా పని మీద నీ తనిఖీ ఏంటి?" అని అందరి ముందూ అరిచాను. అతను రెండు వేళ్ళతో ఒక నట్టు పట్టుకుని తిప్పాడు. తిరిగింది! పానా అక్కర్లేకుండా తిరిగింది! ఆ తల్లి పిల్లలను ఎక్కించుకుని మోటర్‌వే మీదికి వెళ్ళబోతోంది. బిగించడం మారెక్‌కు వదిలేసి, టాయిలెట్‌లోకి వెళ్ళి గడియ వేసుకుని ఏడ్చాను.

అప్పుడైనా బుద్ధి రావాలి కదా, రాలేదు. అమ్మేసి పోదాం అనుకున్నాను. స్థలంతో సహా కొంటానని ఒకాయన ముందుకొచ్చాడు, షెడ్డు పడగొట్టి ఫ్లాట్లు కడతాడట. పనివాళ్ళ సంగతేమిటని కెజియా అడిగితే వాళ్ళ దారి వాళ్ళు చూసుకుంటారన్నాను. నా మనసులో ఉన్న మాట దేవుని ముందు దాచలేను, మీ ముందు ఎందుకు దాచాలి? నా చేయి పడని బండి ఆ షెడ్డులోంచి బయటికి వెళ్ళడం కంటే, ఆ షెడ్డే లేకుండా పోవడం నాకు నయమనిపించింది. అంత కుళ్ళు ఉంది నాలో!

సంతకానికి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయనగా మారెక్ నా ఆఫీసు గదిలోకి వచ్చాడు. చేతిలో టోపీ పట్టుకుని, "బాస్, అమ్మేస్తున్నావని విన్నాం. సరే, నీ ఇష్టం. మరి యజమాని ఒప్పుకున్నాడా?" అని అడిగాడు. అన్నదంతా ఇంగ్లీషే, ఆ యజమాని ఒక్కటే మన తెలుగు మాట, నాకు అర్థం కాలేదు. యజమాని ఎవరన్నాను. "అదే, రోజూ పొద్దున షట్టరు దగ్గర పేరు పెట్టి పిలుస్తావుగా. అసలు ఓనర్ ఆయనే అనుకున్నాం మేము. ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదేంటా అని కూడా అనుకున్నాం" అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. అది మనిషి పేరు కాదయ్యా, మా భాషలో ఓనర్ అని అర్థం, ప్రభువును అలా పిలుస్తానని చెప్పాను. అతను నవ్వలేదు. "అంటే నువ్వూ మాలాగా పనివాడివేనా? మరి ఆయన్ని అడగకుండా ఎలా అమ్ముతున్నావు?" అన్నాడు.

నవ్వడం మానేసి కుర్చీలోంచి లేచాను. ఎన్ని వేల ఉదయాలు ఆ మాట అన్నానో! నేను ఊరికే అన్నాను, వాళ్ళు నిజమని నమ్మారు! గుడికి రాని మనిషి నోట ప్రభువు నన్ను నిలదీశాడు. అక్కడే, ఆ నూనె మరకల నేల మీద మోకాళ్ళూని, "యజమానీ, నిన్ను ఒక్కసారీ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను, ఈ షెడ్డును ఏం చేయమంటావు?" అని ప్రార్థించాను. జీవితంలో మొదటిసారి జవాబు నేనే చెప్పేయకుండా ఊరుకున్నాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళి కెజియాతో చెబితే ఆ పిల్ల ఎగిరి గంతేసింది. "డాడీ, దే కెన్ ఓన్ ఇట్!" అంది, పనివాళ్ళే దానికి ఓనర్లు కావచ్చట. అలాంటి పద్ధతి ఒకటి ఈ దేశంలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. పనివాళ్ళందరి మేలు కోసం ఒక ట్రస్టు పెట్టి, షెడ్డును దాని చేతిలో పెడతారు. పనివాళ్ళు జేబులోంచి ఏమీ పెట్టనక్కర్లేదు, నాకు రావలసింది వచ్చే ఏళ్ళ రాబడిలోంచి కొంచెం కొంచెంగా వస్తుంది, షెడ్డు బాగుంటే వాళ్ళూ బాగుంటారు, నేనూ బాగుంటాను. అంటే వాళ్ళ చేతుల మీద నేను నమ్మకం పెట్టాలి. ఇరవై నాలుగేళ్ళు ఒక్క నట్టు విషయంలో నమ్మని మనిషిని!

ఫ్లాట్ల ఆయనకు క్షమించమని చెప్పేశాను. లాయర్లు, కాగితాలు, మీటింగులు, అన్నీ అయ్యేసరికి ఏడాది తిరిగింది. ఆ ఏడాదంతా పానా ముట్టుకోకుండా కుర్చీలో కూర్చుని, వాళ్ళు నట్లు బిగిస్తుంటే చూడడం ఎంత కష్టమో మీకేం తెలుసు! "నా చెయ్యి వెనక్కి లాగు ప్రభువా" అని గంటకోసారి ప్రార్థించాను, ఆయన లాగాడు. ఆరుగురినీ నిలబెట్టి, అందరి ముందూ మారెక్‌ను క్షమాపణ అడిగాను. సంతకం రోజు వేళ్ళకు పెన్ను తెలియక ఒకటో తరగతి పిల్లవాడిలా వంకర టింకరగా గీశాను, కానీ నా గుండె మీదినుంచి ఇంజను దించినట్టయింది. దేవునికే మహిమ!

వేళ్ళు బాగయ్యాయా అంకుల్ అని అడుగుతారు. బాగవలేదు. ఈ ఉదయం చొక్కా గుండీలు సువార్తే పెట్టింది. నేను అడిగిన స్వస్థత ఒకటి, ఆయన ఇచ్చిన విడుదల ఒకటి, ఇచ్చిందే పెద్దదని సాక్ష్యమిస్తున్నాను.

పోయిన నెల నా సొంత కారును ఏడాది పరీక్షకు, అదే ఎంఓటీకి, అక్కడికే తీసుకెళ్ళాను. కస్టమర్ల కుర్చీలో నా వంతు కోసం కూర్చున్నాను. మారెక్ వచ్చి, "ఫెయిల్. ముందు టైర్లు రెండూ అరిగిపోయాయి" అన్నాడు. వచ్చే వారం మార్పిస్తాలే, పాస్ చెయ్యవయ్యా, నేను కదా అడిగేది అన్నాను. "కుదరదు జాన్. ఆ టైర్లతో సువార్తను ఎక్కించుకుని వెళ్తావు, మేం ఒప్పుకోం" అని కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నేను పెట్టిన షెడ్డులో నా కారే ఫెయిల్! హల్లెలూయా! ఆ కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాను, నేను లేకపోతే ఏమైపోతుందని ఏడ్చిన షెడ్డు నన్నే క్షేమంగా ఇంటికి పంపాలని చూస్తోంది.

కాబట్టి నా ప్రియులారా, ఇది నేను లేకపోతే నడవదని మీరు గుప్పిట్లో బిగించి పట్టుకున్నది ఏదైనా ఉంటే, ఉద్యోగమైనా, పిల్లలైనా, ఈ సంఘంలో పరిచర్యే అయినా, ఈ రోజు ఆయన్ని అడగండి, అడిగి గుప్పిట తెరవండి, ఆయన నమ్మదగినవాడు. రేపు సోమవారం, ఎనిమిదింటికి షెడ్డు తెరుస్తారు. ఆ సమయానికి నేను హాయిగా పడుకునే ఉంటాను. ఆమేన్!